ఒక్క ఏడాది తేడాలో ఏముంది? కాంపాక్ట్ ఎస్‌యూవీ మోడల్ సంవత్సరాల లెక్క

ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే రంగు. ఒకటి నిరుటి మోడల్, ఇంకొకటి ఈ ఏటిది. ధరలో చెప్పుకోదగ్గ తేడా ఉంది. ఏది తీసుకోవాలి? కాంపాక్ట్ ఎస్‌యూవీ కొనాలని తిరిగేవాళ్లలో చాలామంది చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. కొత్తదే మేలని ఒకరు చెబుతారు. కొత్తగా వచ్చిన మోడల్‌ను మొదటి ఏడాది ముట్టుకోవద్దని ఇంకొకరు హెచ్చరిస్తారు. అన్నీ ఒకటే, చవకగా వచ్చేది పట్టుకోమని మూడో మనిషి తేల్చేస్తాడు. తమాషా ఏమిటంటే ముగ్గురూ ఏదో ఒక సందర్భంలో నిజమే చెబుతున్నారు. ఏ రెండు సంవత్సరాల గురించి అడుగుతున్నారో తెలియకుండా జవాబు చెప్పడమే అసలు పొరపాటు.

హోండా సీఆర్‌వీనే తీసుకోండి. అమెరికా మార్కెట్‌లో 2015 మోడల్‌కూ 2016 మోడల్‌కూ మధ్య ఉన్నది ఒక్క ఏడాది. 2016కూ 2017కూ మధ్య ఉన్నదీ ఒక్క ఏడాదే. మొదటి జంటలో రెండు బళ్లనూ పక్కపక్కన పెట్టి వెతికినా తేడా కనిపించడం కష్టం. రెండో జంటలో పేరు తప్ప దాదాపు ఏదీ ఒకటి కాదు. ప్లాట్‌ఫామ్ (బండి కింది పునాది నిర్మాణం) మారింది, బాడీ మారింది, ఎక్కువ వేరియంట్లలో ఇంజిన్ కూడా మారింది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఏ బండి మంచిది అన్నది కాదు, ఆ రెండు సంవత్సరాల మధ్య కంపెనీ ఏం మార్చింది అన్నది. అది తేలితే మిగతా ప్రశ్నల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

క్యాలెండర్ వేరు, మోడల్ సంవత్సరం వేరు

అమెరికా పర్యావరణ నిబంధనల ప్రకారం ఒక మోడల్ సంవత్సరం ఉత్పత్తి కాలంలో ఆ సంవత్సరపు జనవరి 1 ఒక్కటే ఉండాలి. అంటే 2024 మోడల్ అని పిలిచే బండిని 2023 జనవరి 2 నుంచే తయారు చేయవచ్చు, 2024 డిసెంబర్ 31 వరకూ తయారు చేయవచ్చు. సాధారణంగా కంపెనీలు వేసవి చివర్లోనో, శరదృతువులోనో కొత్త మోడల్ సంవత్సరానికి మారుతుంటాయి. కానీ మధ్యలో కొత్త తరం, అంటే పూర్తిగా కొత్తగా రూపొందించిన బండి, వస్తే ఈ లెక్క ముందుకూ వెనక్కూ జరుగుతుంది. అందుకే ఒక 2023 మోడలూ, ఒక 2024 మోడలూ రెండు మూడు వారాల తేడాతో ఒకే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి ఉండవచ్చు. అలాగే ఒకే సంవత్సరం పేరున్న రెండు బళ్ల మధ్య పది నెలల వయసు తేడా ఉండవచ్చు.

ఇంకా విచిత్రం, ఒకే మోడల్ సంవత్సరంలో ఒకే పేరుతో రెండు వేర్వేరు బళ్లు అమ్మిన సందర్భాలు ఉన్నాయి. 2017 జీప్ కంపాస్ అలాంటిదే. ఆ ఏడాది అమెరికాలో పాత తరం కంపాస్ కూడా 2017 మోడలే, పూర్తిగా కొత్త ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన కంపాస్ కూడా 2017 మోడలే. ఏడాది ఒక్కటి చూసి కొన్నవాడికి ఏది దక్కిందన్నది బండిని కళ్లారా చూస్తే తప్ప తెలియదు.

యూరప్‌లో వ్యవహారం వేరు. అక్కడ కొనేవాళ్లు ఎక్కువగా మొదటి రిజిస్ట్రేషన్ తేదీనే బండి వయసుగా చూస్తారు. డీలర్ దగ్గర ఎనిమిది నెలలు కూర్చున్న బండి రిజిస్టరయిన రోజున కాగితం మీద కొత్తదే. కాబట్టి మీరున్న చోట ధరను నిర్ణయించేది ఏ తేదీయో ముందు కనుక్కోవాలి. తయారీ తేదీ, మోడల్ సంవత్సరం, రిజిస్ట్రేషన్ తేదీ అనే ఈ మూడూ ఒక్కోసారి మూడు దారుల్లో పోతాయి.

బయటికి కనిపించేదీ, కనిపించనిదీ

ఒక తరం కాంపాక్ట్ ఎస్‌యూవీ సుమారు ఐదు నుంచి ఏడేళ్లు మార్కెట్‌లో ఉంటుంది. అమెరికాలో సీఆర్‌వీ కొత్త తరాలు 1997, 2002, 2007, 2012, 2017, 2023 మోడల్ సంవత్సరాల్లో వచ్చాయి. టయోటా రావ్4కు 2006, 2013, 2019, 2026. ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఒక ఫేస్‌లిఫ్ట్ ఉంటుంది. బంపర్లు, దీపాలు, గ్రిల్, చక్రాల డిజైన్ మారతాయి. మిగతా సంవత్సరాల్లో సాధారణంగా ఒక రంగు పోయి ఇంకో రంగు వస్తుంది, ఒక ఫీచర్ పై వేరియంట్ నుంచి కింది వేరియంట్‌కు దిగుతుంది. అలాంటి చోట ఒక ఏడాది కొత్తదని అదనంగా చెల్లించడంలో నాకు ఏ అర్థమూ కనిపించదు.

చిక్కు ఎక్కడంటే బయటి మార్పుకూ లోపలి మార్పుకూ పొంతన ఉండదు. ముఖం మొత్తం మారిపోయి లోపల అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉండవచ్చు. దానికి భిన్నంగా బయట ఒక్క గీత కూడా మారకుండా బోనెట్ కింద అంతా మారిపోవచ్చు. నిస్సాన్ రోగ్ ఇందుకు మంచి ఉదాహరణ. 2021లో కొత్త తరం రోగ్ వచ్చినప్పుడు అందులో 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 181 అశ్వశక్తి. మరుసటి ఏడాదే, అదే బాడీలో, 1.5 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ పెట్టారు, 201 అశ్వశక్తి. నడుస్తుండగానే కంప్రెషన్ నిష్పత్తిని మార్చుకునే క్లిష్టమైన ఇంజిన్ అది. మైలేజీ పెరిగింది, పికప్ పెరిగింది. కాగితం మీద 2022 మోడల్‌దే పైచేయి. కానీ 2025లో ఈ రకం ఇంజిన్లలో బేరింగుల లోపం మీద అమెరికాలో సుమారు 4.4 లక్షల నిస్సాన్, ఇన్ఫినిటీ బళ్లను రీకాల్ చేశారు, అంటే ఉచితంగా సరిచేయడానికి వెనక్కి పిలిపించారు. వాటిలో ఎక్కువ భాగం రోగ్‌లే. పాత బళ్ల మార్కెట్‌లో ఈ తరం రోగ్ చూస్తున్నవాడు 2021, 2022 అని సంవత్సరాలు పోల్చుకుంటున్నాననుకుంటాడు. నిజానికి పోలుస్తున్నది రెండు ఇంజిన్లను.

ఒక జంటను దగ్గరగా చూస్తే: 2014, 2015 సీఆర్‌వీ

వరుస సంవత్సరాల మధ్య ఎంపిక ఎంత మెలికలు తిరిగి ఉంటుందో చూపడానికి నాకు దొరికిన అన్నిటికన్నా మంచి జంట ఇది. రెండూ ఒకే తరం. దూరం నుంచి చూస్తే 2015 మోడల్‌కు మూతి కాస్త పదును పెట్టినట్టు ఉంటుంది, అంతే. ఫేస్‌లిఫ్టే కదా, ముందరిది చవకగా వస్తే అదే తీసుకుందాం అనిపిస్తుంది.

లోపల జరిగింది వేరు. 2014లో ఉన్నది 2.4 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. పాత పద్ధతి, కానీ మెకానిక్‌లకు కొట్టిన పిండి. 2015లో అదే పరిమాణం, అదే 185 అశ్వశక్తి, కానీ ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త ఇంజిన్ వచ్చింది. ఆ ఐదు గేర్ల పెట్టె స్థానంలో, విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తిని నిరంతరం మార్చే సీవీటీ వచ్చింది. టార్క్ (లాగే బలం) 221 నుంచి సుమారు 245 న్యూటన్ మీటర్లకు పెరిగింది. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న బండికి అమెరికా అధికారిక సగటు మైలేజీ గ్యాలన్‌కు 26 మైళ్ల నుంచి 29కి పోయింది. మన లెక్కలో లీటరుకు సుమారు 11 కిలోమీటర్ల నుంచి 12.3కు అన్నమాట. ఎక్కువ తిరిగేవాళ్లకు ఇది తక్కువేమీ కాదు.

మరి నష్టం? 2015 మోడల్ కొన్నవాళ్లలో చాలామంది ఒకే ఫిర్యాదు చేశారు. బండి డ్రైవ్‌లో ఉండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటులో, స్టీరింగ్‌లో వణుకు. మైలేజీ కోసం ఇంజిన్ వేగాన్ని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించారు, ఆ తక్కువ వేగంలో పుట్టిన కంపనం క్యాబిన్ దాకా వచ్చింది. కంపెనీ సమస్యను ఒప్పుకుని, దాన్ని తగ్గించే మార్పుల గురించి డీలర్లకు సూచనలు పంపింది. అన్ని బళ్లలోనూ ఒకే స్థాయిలో ఉండదు. కొందరికి అసలు తెలియనే తెలియదు, కొందరు దాని వల్లే బండి అమ్మేసుకున్నారు. ఇది ఇంజిన్‌ను చంపే జబ్బు కాదు, మనిషి ఓపికను పరీక్షించేది.

ఇక్కడితో ఆగితే చాలామంది 2014 వైపే మొగ్గుతారు. సాదా గేర్‌బాక్స్, వణుకు లేదు, ధర తక్కువ. కానీ తక్కెడలో ఇంకో బరువు ఉంది. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే భద్రతా పరీక్షల సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2012లో ఒక కొత్త పరీక్ష మొదలుపెట్టింది. బండి ముందు భాగంలో డ్రైవర్ వైపు పావు వంతు మాత్రమే గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గట్టి అడ్డంకిని తాకుతుంది. స్తంభానికో, చెట్టుకో, ఎదురుగా వచ్చే బండి మూలకో గుద్దుకోవడం లాంటిది ఇది. ఇలాంటి దెబ్బ ఛాసిస్‌లోని ప్రధాన దూలాలకు తగలకుండా పక్కనుంచి చొచ్చుకుపోతుంది. 2012 నుంచి 2014 వరకు వచ్చిన సీఆర్‌వీకి ఈ పరీక్షలో వచ్చింది మార్జినల్, అంటే నాలుగు మెట్లలో కింది నుంచి రెండోది. 2015లో బాడీ ముందు భాగాన్ని బలపరిచారు, ఫలితం అన్నిటికన్నా పై మెట్టయిన గుడ్‌కు చేరింది.

ఇప్పుడు చెప్పండి, ఏది మంచిది? నా వరకు నేనైతే 2015నే ఎంచుకుంటాను. సీటు వణుకును భరించవచ్చు, తగ్గించుకోవచ్చు. బాడీ బలాన్ని తరువాత ఏ మెకానిక్ కూడా చేర్చలేడు. ఇంకొకరు బండిని ఇరవై ఏళ్లు ఉంచుకోవాలనుకుంటారు, పాత ఆటోమేటిక్ మీద వారికి నమ్మకం. వారి లెక్కనూ కాదనలేం. కానీ ఈ మూడు విషయాలూ తెలియకుండా ధర తేడా ఒక్కటి చూసి తీసుకున్న నిర్ణయం మాత్రం అదృష్టం మీద ఆధారపడినదే.

మొదటి ఏడాది భయం

కొత్త తరం వచ్చిన మొదటి ఏడాది కొనవద్దన్న మాటలో నిజం ఉంది. కొత్త ఇంజిన్, కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త సరఫరాదారులు, కొత్త అసెంబ్లీ లైన్ అన్నీ ఒక్కసారి కలుస్తాయి. కంపెనీ ఎన్ని లక్షల కిలోమీటర్లు పరీక్షించినా, లక్షలాది మంది వాడకంలో బయటపడేవి పరీక్షల్లో బయటపడవు. 2017 సీఆర్‌వీలో వచ్చిన 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ కథ అదే. చలి ప్రాంతాల్లో, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే చిన్నచిన్న ప్రయాణాల్లో, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి కనిపించేది, పెట్రోలు వాసన వచ్చేది. 2018లో చైనాలో ఈ కారణంగానే కొత్త సీఆర్‌వీ అమ్మకాలు కొంతకాలం ఆపారు. తరువాత సాఫ్ట్‌వేర్ మార్పులు వచ్చాయి, అమెరికాలో ప్రభావిత బళ్లకు ఇంజిన్ వారంటీ పొడిగించారు.

రావ్4 కూడా ఇదే దారిలో నడిచింది. 2018 మోడల్‌లో 176 అశ్వశక్తి ఇంజిన్, ఆరు గేర్లు. 2019లో కొత్త ప్లాట్‌ఫామ్, 203 అశ్వశక్తి, ఎనిమిది గేర్లు. నడపడంలో తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. కానీ కొత్త తరం హైబ్రిడ్‌లో రెండు చిక్కులు బయటపడ్డాయి. ఇంధన ట్యాంకు పూర్తిగా నిండకపోవడం ఒకటి. వెనక మోటార్‌కు వెళ్లే హైవోల్టేజి కేబుల్ కనెక్టర్ దగ్గర తుప్పు పట్టడం రెండోది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో ఈ తుప్పు ఎక్కువ. మరమ్మతు ఖరీదైనది కావడంతో టయోటా ఆ కేబుల్‌కు ప్రత్యేకంగా వారంటీ పొడిగించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ కేబుల్ సమస్య మొదటి ఏడాదితోనే ఆగలేదు, తరువాతి సంవత్సరాల బళ్లలోనూ కనిపించింది. రెండో ఏడాది అనగానే అన్నీ సర్దుకుపోతాయన్న నమ్మకానికి కూడా హద్దు ఉందన్నమాట.

ఇంకో సంగతి ఉంది. కొత్త ఇబ్బంది కొత్త తరంలోనే రావాలని నియమం లేదు. మజ్దా సీఎక్స్-5 రెండో తరం 2017లో వచ్చింది. మరుసటి ఏడాది, 2018లో, తక్కువ లోడ్ మీద రెండు సిలిండర్లను నిద్రపుచ్చే పరిజ్ఞానం చేర్చారు. మైలేజీ కోసం చేసిన పని అది. ఆ వ్యవస్థను నడిపే సాఫ్ట్‌వేర్‌లో లోపం వల్ల 2019లో అమెరికాలో సుమారు 2.62 లక్షల మజ్దా బళ్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. మొదటి ఏడాది బండి కొన్నవారికి ఆ తలనొప్పి లేదు, ఏడాది ఆగి కొన్నవారికి ఉంది. అయితే సాఫ్ట్‌వేర్ మార్చిన తరువాత ఆ బండిని అంటరానిదిగా చూడాల్సిన పని లేదు. రీకాల్ జరిగిందా లేదా అన్నది కాదు, మీరు చూస్తున్న బండికి ఆ పని చేయించారా లేదా అన్నదే ప్రశ్న.

ఏడాదితో పాటు వేరియంట్ కూడా

కొత్త సంవత్సరంలో అన్నీ చేరతాయే తప్ప పోవు అనుకోవడం అమాయకత్వం. 2019లో కొత్త తరం సుబారు ఫారెస్టర్ వచ్చినప్పుడు అమెరికాలో ఐసైట్ అనే డ్రైవర్ సహాయ వ్యవస్థ అన్ని వేరియంట్లలో చేరింది. దానికి బదులుగా మాన్యువల్ గేర్‌బాక్స్, టర్బో ఇంజిన్ రెండూ మాయమయ్యాయి. వాటిని ఇష్టపడేవారికి 2018 మోడలే ఆఖరి అవకాశం అయింది. 2021, 2022 సంవత్సరాల్లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు కంపెనీలు సీట్ హీటర్ల లాంటివాటిని కొన్ని బళ్లలో తీసేశాయి. ఆ కాలపు బండి చూస్తున్నప్పుడు బ్రోషర్‌ను నమ్మకండి, ప్రతి మీటా నొక్కి చూడండి.

వేరియంట్ సంగతి ఇంకా గజిబిజి. 2017 నుంచి 2019 వరకు అమెరికాలో అన్నిటికన్నా కింది సీఆర్‌వీ వేరియంట్ ఎల్‌ఎక్స్‌లో పాత 2.4 లీటర్ల ఇంజినే ఉండేది. కానీ అందులో ఆటోమేటిక్ బ్రేకింగ్ వంటి భద్రతా ఫీచర్లు లేవు. 2020లో ఆ ఫీచర్లు ఎల్‌ఎక్స్‌కు కూడా వచ్చాయి, దానితో పాటు 1.5 లీటర్ల టర్బో ఇంజిన్ కూడా వచ్చింది. అంటే పైన చెప్పిన ఆయిల్ గొడవ నుంచి దూరంగా ఉండాలనుకుని 2019 ఎల్‌ఎక్స్ తీసుకుంటే భద్రతా ఫీచర్లు వదులుకోవాలి. 2020 ఎల్‌ఎక్స్ తీసుకుంటే ఇంజిన్ విషయంలో రాజీ పడాలి. కావాలనుకున్న రెండూ ఒకే బండిలో దొరకవు. వరుస సంవత్సరాల మధ్య ఎంపిక తరచుగా ఇలాగే ఉంటుంది.

తెర ఫీచర్లకు మాత్రం నేను తక్కువ మార్కులే వేస్తాను. 2019 రావ్4లో ఐఫోన్‌ను బండి తెరకు కలిపే యాపిల్ కార్‌ప్లే ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లకు అదే పని చేసే ఆండ్రాయిడ్ ఆటో లేదు. 2020లో అదీ వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవాడికి ఈ ఒక్క ఏడాది పెద్ద తేడాగానే కనిపిస్తుంది. కానీ తెరను మార్చుకోవచ్చు, లేదంటే ఫోనునే డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోవచ్చు. సీఎక్స్-5లో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో 2019 మోడల్‌తో వచ్చినా, ముందరి బళ్లకు కంపెనీయే తరువాత కిట్ అమ్మింది. నెట్‌వర్క్ మీద ఆధారపడే ఫీచర్ల ఆయుష్షు ఇంకా తక్కువ. 2022లో అమెరికాలో 3జి నెట్‌వర్క్‌లు మూసేసినప్పుడు చాలా కార్లలో అత్యవసర కాల్ సౌకర్యం రాత్రికి రాత్రే మూగబోయింది.

ఫిర్యాదుల సంఖ్యను ఎలా చదవాలి

రెండు సంవత్సరాలను పోల్చేవాళ్లు మొదట చేసే పని ఏ ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు ఉన్నాయో చూడటం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దగ్గర మోడల్, సంవత్సరం వారీగా ఫిర్యాదులు, రీకాల్‌లు, కంపెనీలు డీలర్లకు పంపిన సర్వీసు బులెటిన్లు అన్నీ బహిరంగంగా ఉంటాయి. మంచి వనరు. కానీ సంఖ్యను సంఖ్యగా తీసుకుంటే మోసపోతాం. ఎక్కువ అమ్ముడైన ఏడాదికి ఎక్కువ ఫిర్యాదులు ఉంటాయి. పాత ఏడాది బండి ఎక్కువ కాలం తిరిగింది కాబట్టి దానికి ఎక్కువ ఉంటాయి. ఒక సమస్య వార్తల్లోకి ఎక్కితే అంతకుముందు ఊరుకున్నవాళ్లు కూడా ఫిర్యాదు రాస్తారు. నిరుటి మోడల్‌కు మూడు వందలు, ఈ ఏటి మోడల్‌కు నలభై ఉన్నాయంటే ఈ ఏటిది మేలని కాదు, ఇంకా దాని వంతు రాలేదని కావచ్చు.

సంఖ్యకన్నా విషయం ముఖ్యం. వంద మంది బ్లూటూత్ గురించి గోల పెట్టడం వేరు, పదిమంది గేర్‌బాక్స్ పోయిందని రాయడం వేరు. ఏ కిలోమీటర్ల దగ్గర సమస్య వచ్చిందో చూడాలి. అన్ని ఫిర్యాదులూ ఒకే దగ్గర, ఉదాహరణకు అరవై వేల కిలోమీటర్ల ప్రాంతంలో, గుంపుగా ఉంటే అది డిజైన్ లోపానికి గుర్తు కావచ్చు. బులెటిన్లను కూడా తక్కువ అంచనా వేయవద్దు. రీకాల్ అన్నది భద్రతకు సంబంధించినది, ఉచితంగా చేయాల్సిందే. బులెటిన్ అన్నది ఈ ఫిర్యాదు వస్తే ఇలా సరిచేయండి అని మెకానిక్‌కు చెప్పే సూచన. వారంటీ దాటితే ఖర్చు మనదే. అయితే బులెటిన్‌లో తరచుగా ఫలానా ఛాసిస్ నంబరు నుంచి ఫలానా నంబరు వరకు అని ఉంటుంది. ఆ చివరి నంబరు తరువాత ఫ్యాక్టరీలోనే మార్పు చేశారని అర్థం. మోడల్ సంవత్సరం చెప్పలేని విషయాన్ని ఆ ఒక్క నంబరు చెప్పేస్తుంది.

భద్రతా రేటింగుల్లో ఇంకో ఉచ్చు ఉంది. ఐదు నక్షత్రాలు అన్న మాట పక్కన ఏ సంవత్సరపు పరీక్ష అన్నది చూడకపోతే ఆ మాటకు విలువ లేదు, ఎందుకంటే పరీక్షలే కఠినమవుతూ వస్తాయి. 2021లో ఐఐహెచ్‌ఎస్ పక్క నుంచి గుద్దే పరీక్షను మార్చింది. గుద్దే అడ్డంకి బరువు దాదాపు 1,900 కిలోలకు, వేగం గంటకు 60 కిలోమీటర్లకు పెరిగింది. 20 చిన్న ఎస్‌యూవీలను పరీక్షిస్తే గుడ్ వచ్చింది ఒక్క 2021 సీఎక్స్-5కే. మిగతా బళ్లు రాత్రికి రాత్రి బలహీనపడలేదు, ప్రశ్నపత్రం కష్టమైంది. కాబట్టి రెండు మోడల్ సంవత్సరాలకు రేటింగ్ వేరుగా ఉంటే, బండి మారిందా, పరీక్ష మారిందా అని అడగాలి. యూరప్‌లోనైతే చట్టమే ఒక గీత గీసింది. 2024 జులై నుంచి అక్కడ రిజిస్టరయ్యే ప్రతి కొత్త కారులో వేగ హెచ్చరిక, అత్యవసర బ్రేకింగ్ వంటివి తప్పనిసరి. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న రెండు బళ్లు చూడటానికి ఒకటే, సామగ్రిలో ఒకటి కాకపోవచ్చు.

బండి దగ్గర నిలబడినప్పుడు

ఇదంతా ఇంట్లో కూర్చుని చేసే పని. బండి దగ్గరకు వెళ్లాక చూడాల్సినవి కొన్నే. ముందు అద్దం కింద, డ్రైవర్ వైపు, 17 అక్షరాల ఛాసిస్ నంబరు కనిపిస్తుంది. ఉత్తర అమెరికా కోసం తయారైన బండి అయితే అందులో పదో స్థానం మోడల్ సంవత్సరం. 2010కి ఎ, 2011కి బి, అలా సాగి 2018కి జె, 2019కి కె, 2020కి ఎల్, 2021కి ఎమ్, 2022కి ఎన్. తరువాత ఒ వదిలేసి 2023కి పి, క్యూ వదిలేసి 2024కి ఆర్, 2025కి ఎస్. ఐ, ఒ, క్యూ, యూ, జెడ్ అక్షరాలనూ సున్నానూ ఈ స్థానంలో వాడరు. పదకొండో స్థానం ఫ్యాక్టరీని చెబుతుంది. చివరి ఆరు అంకెలు వరుస సంఖ్య. మిగతా ప్రాంతాల బళ్లలో పదో స్థానానికి ఈ అర్థం ఉండాలని నియమం లేదు, అక్కడ దాన్ని నమ్ముకోవద్దు.

డ్రైవర్ తలుపు తెరిస్తే, చాలా బళ్లలో స్తంభం మీద అంటించిన చీటీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. నా దృష్టిలో మోడల్ సంవత్సరంకన్నా ఇది విలువైన సమాచారం. ఇప్పుడు టైరు పక్కకు వంగి చూడండి. డాట్ అన్న గుర్తుతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3522 అంటే 2022లో 35వ వారం. టైరు తేదీ బండి తేదీకి కొద్ది నెలలు ముందు ఉండటం సహజం. కొత్తదని అమ్ముతున్న బండిలో ఒక్క టైరు మాత్రం బండికన్నా తరువాత తయారైనదైతే, ఎందుకు మార్చారో అడగాల్సిందే.

మార్పు లేని రెండు సంవత్సరాల మధ్య వాడిన బండిని ఎంచుకుంటుంటే ఏడాదిని పక్కన పెట్టేయడమే మేలు. సమయానికి ఆయిల్ మార్చినట్టు కాగితాలున్న, ఒకే యజమాని చేతిలో నడిచిన నిరుటి బండి, చరిత్ర తెలియని ఈ ఏటి బండికన్నా నిస్సందేహంగా మంచిది. టర్బో ఇంజిన్, సీవీటీ ఉన్నవాటిలో ఇది మరీ నిజం. ఈ రెండూ నిర్లక్ష్యాన్ని క్షమించవు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూపించమని అడగండి. అమ్మేవాడు మీరు వచ్చేసరికే వేడెక్కించి ఉంచితే అదీ ఒక సమాచారమే.

షోరూమ్‌లో మిగిలిపోయిన నిరుటి మోడల్

చివరగా, వాడని, కానీ నిరుటి మోడల్ బండి. కొత్త సంవత్సరపు స్టాక్ వచ్చాక డీలర్‌కు అది భారం, కాబట్టి తగ్గింపు వస్తుంది. ఆ తగ్గింపు లాభమా కాదా అన్నది మీరు బండిని ఎంతకాలం ఉంచుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. మోడల్ సంవత్సరాన్ని బట్టి ధర కట్టే మార్కెట్‌లో ఆ బండి బయటికి వచ్చిన రోజునే కాగితం మీద ఏడాది పాతది. మూడేళ్లలో అమ్మేయాలనుకుంటే ఆ ఏడాది మీ జేబు నుంచే పోతుంది. కాబట్టి తగ్గింపు కనీసం ఒక ఏడాది తరుగుదలకు సమానంగా ఉండాలి. పదేళ్లు ఉంచుకుంటే అప్పటికి ఒక ఏడాది తేడాను పట్టించుకునేవారు తక్కువ. అప్పుడు ఎంత తగ్గింపు వచ్చినా మిగులే.

ఆ తరువాతి ఏడాది కొత్త తరం వస్తుందని తెలిస్తే లెక్క ఇంకా మారుతుంది. తరం చివరి ఏడాది బండిలో లోపాలు చాలావరకు బయటపడి సరిదిద్దబడి ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి, మెకానిక్‌లకు పరిచయం ఉంటుంది. కానీ కొత్త రూపం రోడ్డెక్కగానే పాతది పాతబడినట్టు కనిపిస్తుంది, అమ్మకపు ధర దిగుతుంది. దీర్ఘకాలం వాడేవారికి ఆ దిగుడే వరం. ఇందుకు భిన్నమైన సందర్భం ఒక్కోసారి వస్తుంది. 2026లో రావ్4 కొత్త తరం హైబ్రిడ్‌గా, ప్లగిన్ హైబ్రిడ్‌గా మాత్రమే వచ్చింది. హైబ్రిడ్ వ్యవస్థ లేని మామూలు పెట్రోలు రావ్4 కావాలనుకునే అమెరికా కొనుగోలుదారుకు 2025 మోడలే చివరిది.

కొత్త బండిగా కొంటున్నప్పుడు వారంటీ ఎప్పుడు మొదలైందో రాతపూర్వకంగా తీసుకోండి. సాధారణంగా అది తయారీ తేదీ నుంచి కాక, బండి మొదటిసారి అమ్ముడైన లేదా వాడకంలోకి వచ్చిన తేదీ నుంచి లెక్కకు వస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లకు వాడిన బండి అయితే ఆ గడియారం ఎప్పుడో తిరగడం మొదలై ఉండవచ్చు. ఏడాదిగా ఎండలో, కదలకుండా నిలబడిన బండి అయితే బ్యాటరీని పరీక్షించమనండి, టైర్లు ఒకేచోట చదునైపోయాయేమో చూడండి, ఇంజిన్ ఆయిల్‌ను బండి అప్పగించేముందే మార్చమని అడగండి. తగ్గింపు మీద బేరం ముగిశాక కాదు, ముగియకముందే.